తాళంచెవి అత్తగారిది, నగ కోడలిది

పెళ్లిపందిట్లో చదివింపుల దగ్గర కూర్చునే మనిషిని ఎప్పుడైనా గమనించారా? ఎవరింటి పెళ్లయినా ఆ పనికి నమ్మకస్తుణ్ణే పెడతారు. దస్తూరి కుదురుగా ఉండాలి, లెక్క తప్పకూడదు, రెండు వైపుల చుట్టాల పేర్లూ ఊళ్లూ తెలిసి ఉండాలి. పక్కన ఒకాయన గొంతెత్తి చదువుతుంటాడు. ఫలానా ఊరు, ఫలానా వారు, వెయ్యిన్నూటపదహార్లు. ఈయన పుస్తకంలో ఎక్కిస్తాడు. డబ్బు కాక వస్తువైతే వస్తువు పేరే రాస్తాడు: వెండి కుంకుమ భరిణె, స్టీలు బిందె, గోడగడియారం. ఆ పుస్తకం ఏళ్ల తరబడి బీరువాలో భద్రంగా ఉంటుంది. రేపు ఆ చదివించినవాళ్లింట్లో శుభకార్యమైతే తీసి చూసుకోవాలి కదా, అంతకు తగ్గకుండా మనం చదివించాలి కనక.

ఆ పుస్తకం ఇచ్చినవారిని గుర్తుపెట్టుకుంటుంది. ఎవరికి ఇచ్చారో మాత్రం చెప్పదు. పెళ్లికూతురికా, పెళ్లికొడుక్కా, ఇద్దరికీ కలిపా? కాపురం సాగినన్నాళ్లూ ఆ ప్రశ్న ఎవరికీ అవసరం లేదు. కాపురం విడిపోయి, పుట్టింటికి వచ్చేసిన అమ్మాయి తన నగలూ సామానూ అడిగిన రోజున మాత్రం కోర్టులో తేల్చవలసిన మొదటి సంగతి అదే. ఇచ్చిందెవరు, ఎవరికిచ్చారు, ఇప్పుడెవరి దగ్గరుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాబట్టడానికి మన న్యాయవ్యవస్థ తయారుచేసుకున్న పనిముట్టు చిన్నది కాదు. దాని భాగాలు కొన్ని వెయ్యేళ్ల నాటివి, కొన్ని నిన్నమొన్నటివి. విడివిడిగా చూస్తే పొడి నిబంధనల్లా కనిపిస్తాయి. ఒకదానిలో ఒకటి ఎలా అమరాయో చూస్తే మంచి కంసాలి చేసిన కడియంలా ఉంటుంది. అది రెండు సగాలుగానే పోతపోసినా చేతికి తొడిగి సీల బిగించాక అతుకు ఎక్కడుందో కనబడదు. ఆ సీల సంగతి తరవాత చెబుతాను. ముందు కాగితం దగ్గర మొదలుపెడదాం.

1985 అక్టోబరు 2 నుంచి దేశంలో ఒక నియమావళి అమల్లో ఉంది. పెళ్లిలో వధూవరులకు వచ్చిన బహుమతుల జాబితాలు ఎలా రాసి ఉంచాలో చెప్పే నిబంధనలు అవి. వరకట్న నిషేధ చట్టం కింద కేంద్రం చేసింది. మొత్తం కలిపితే ఒకటి రెండు పేజీలకు మించదు. మన చదివింపుల పుస్తకాన్ని పక్కన పెట్టుకుని చదివితే దాని పనితనం బాగా తెలుస్తుంది.

మొదటి సంగతి, జాబితా ఒకటి కాదు, రెండు. వధువుకు వచ్చినవాటి జాబితా వధువు దగ్గర ఉండాలి, వరుడికి వచ్చినవాటిది వరుడి దగ్గర. అంటే "ఎవరికి" అన్న ప్రశ్నకు జవాబు ప్రత్యేకంగా ఏ గడిలోనూ రాయనక్కర్లేదు. ఏ కాగితం మీద ఎక్కిందన్నదే జవాబు. రెండోది, పెళ్లి సమయంలోనే రాయాలి, కుదరకపోతే వీలైనంత త్వరగా రాయాలి. తగువు పుట్టాక రాసిన జాబితాను ఎవరు నమ్ముతారు? మూడోది, నోటిమాట చాలదు, రాతలో ఉండాలి. ప్రతి వస్తువుకూ నాలుగు వివరాలు కావాలి: క్లుప్తంగా దాని వర్ణన, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వారు చుట్టాలైతే ఆ చుట్టరికం ఏమిటో.

"సుమారు" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఖచ్చితమైన విలువ రాయమని ఉంటే పెళ్లిలో మేనత్త పెట్టిన ఉంగరానికి వెలకట్టడానికి షరాబును పిలవాలి, ఎవరూ ఆ పని చేయరు, జాబితాయే పుట్టదు. సుమారు అంటే చాలన్నారు కనక పెళ్లివారి చేతికి అందే పనైంది. ఇక చుట్టరికం గడి. అది మర్యాద కోసం పెట్టింది కాదు. మేనమామ ఇచ్చాడంటే ఎవరి మేనమామ? వధువు మేనమామ వధువుకిచ్చిన గాజుల జత మీద వరుడి హక్కు ఎంత బలహీనమో ఆ ఒక్క గడే చెప్పేస్తుంది.

చివరిది సంతకం. ప్రతి జాబితా మీదా ఇద్దరూ సంతకం చేయాలి. వధువు జాబితా మీద వరుడి సంతకం ఎందుకు? ఆ వస్తువులు ఆమెకు వచ్చాయనీ, తనకు తెలుసుననీ ఆ రోజే ఒప్పుకున్నట్టు. పదేళ్ల తరవాత "అలాంటి వడ్డాణం నేను చూడనేలేదు" అనడానికి వీలు లేకుండా ఆ సంతకమే అడ్డం పడుతుంది. చదువురాని వధువో వరుడో ఉంటే? ఆ సందర్భం కూడా రాసినవారు మరిచిపోలేదు. జాబితాలోని వివరాలు చదివి వినిపించాలి, వినిపించినవారి సంతకం తీసుకుని, ఆ పైన వేలిముద్ర వేయించుకోవాలి. కావాలనుకుంటే పెళ్లికి వచ్చిన చుట్టాల చేతా, ఇతరుల చేతా సాక్షి సంతకాలు పెట్టించుకోవచ్చు. అందరి సంతకాలూ తప్పనిసరి అంటే పెళ్లి సందడిలో ఆ పని జరగదు. ఇద్దరివి తప్పనిసరి, మిగతావి ఐచ్ఛికం. తప్పనిసరికీ ఐచ్ఛికానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలిసినవారు రాసిన నిబంధన ఇది.

వర్ణన గడిలో మన ప్రాంతాల మాటలు కొన్ని చిక్కులు తెస్తాయి. తెలంగాణలో తులాలు, కోస్తాలో కాసులు, కొన్నిచోట్ల సవర్లు. ఈనాటి బజారు లెక్కలో తులం అంటే 10 గ్రాములు. కాసైనా సవరైనా 8 గ్రాములు. అయిదు తులాలకూ అయిదు కాసులకూ తేడా 10 గ్రాములు. అందుకే గ్రాముల్లో రాయడం మేలు. ఇంకో సదుపాయం ఈ మధ్యే వచ్చింది. 2021 జూలై నుంచి హాల్‌మార్కు నగల మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల సంఖ్య చెక్కుతున్నారు, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగను అది లేకుండా దుకాణంలో అమ్మకూడదు. ఏ నగకు ఆ నగకే వేరే సంఖ్య. జాబితాలో "నాలుగు గాజులు" అని రాయడానికీ, ఆ నాలుగు సంఖ్యలూ రాయడానికీ తేడా ఎంతో ఆలోచించండి. ఫలానా గాజు ఇదేనని నిరూపించే భారం ఆ లోహమే మోస్తుంది.

కాగితం అయింది. కాగితం మీది వస్తువు ఎవరిదన్న సూత్రం ఎక్కడిది? దాని కోసం చాలా వెనక్కి వెళ్లాలి.

మన ధర్మశాస్త్రకారులు స్త్రీధనాన్ని వర్గీకరించిన తీరు చూడండి. నగలు, బట్టలు, పాత్రలు, పశువులు అని వస్తువులను బట్టి విడదీయలేదు. అందిన సందర్భాన్ని బట్టీ, ఇచ్చినవారిని బట్టీ పేర్లు పెట్టారు. అగ్నిసాక్షిగా ఇచ్చింది అధ్యగ్ని. పుట్టింటి నుంచి అత్తవారింటికి సాగనంపేటప్పుడు ఇచ్చింది అధ్యావాహనికం. ప్రేమతో ఇచ్చింది ప్రీతిదత్తం. తల్లి, తండ్రి, సోదరుడు ఇచ్చినవి వేరు. మనుస్మృతి చెప్పిన ఆరూ ఇవే. భర్త ఇంకో పెళ్లి చేసుకున్నప్పుడు మొదటి భార్యకు ఇవ్వవలసిన ఆధివేదనికాన్ని యాజ్ఞవల్క్యుడు కలిపాడు. అదే గాజు అధ్యగ్ని కావచ్చు, ప్రీతిదత్తం కావచ్చు. గాజులో తేడా లేదు, చేయి మారిన క్షణంలో ఉంది. 1985 నిబంధనల్లోని "ఇచ్చినవారి పేరు, చుట్టరికం" అన్న గడులకు మూలం ఈ చూపే.

యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలంలో, నేటి కర్ణాటకలోని కల్యాణంలో ఉన్నవాడు. విక్రమాదిత్యుడి పాలన 1076 నుంచి 1126 దాకా. ఆ మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతనే, తెలుగుకు తెలుగులో మొదటి వ్యాకరణం రాసిన కేతనే ఆ విజ్ఞానేశ్వరీయం కూడా రాశాడు. భాషకు సూత్రం కట్టిన చేత్తోనే వ్యవహారానికీ సూత్రం కట్టడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

బంధం తెగితే బహుమతి ఏమవుతుందన్న ప్రశ్నను మితాక్షర సూటిగానే ఎదుర్కొంది. నిశ్చయమైన పెళ్లిని తగిన కారణం లేకుండా తప్పించిన కన్యాదాతకు దండన ఉంది. అవతలివారికి అయిన ఖర్చు వడ్డీతో సహా కట్టాలి. నిశ్చయమయ్యాక పెళ్లికి ముందే పిల్ల చనిపోతే? వరుడు తాను పెట్టిన ఉంగరాలూ మిగతా కానుకలూ తిరిగి తీసుకోవచ్చు, అయితే రెండు వైపుల వారికీ అయిన ఖర్చులు తీసివేశాక మిగిలిందే. ఇక ఆ పిల్లకు తల్లివైపు తాత, ఇతర బంధువులు పెట్టిన తలనగల వంటివి వరుడికి పోవు, ఆమె తోడబుట్టిన అన్నదమ్ములకు చెందుతాయి. ఈ పంపకంలో మూడు కొలతలు ఉన్నాయి. ఎవరు ఇచ్చారో చూశారు, ఎందుకు ఇచ్చారో చూశారు, ఆ మధ్యలో ఎవరెంత ఖర్చుపెట్టారో కూడా లెక్కలోకి తీసుకున్నారు. వరుడి ఉంగరం పెళ్లి జరుగుతుందన్న మాట మీద ఇచ్చింది, ఆ మాట ఇక నెరవేరదు కనక వెనక్కి వెళ్తుంది. తాత పెట్టిన నగ మనవరాలి మీద ప్రేమతో ఇచ్చింది, దానికి పెళ్లితో ముడి లేదు, అది పుట్టింటివైపే ఉంటుంది.

నిశ్చితార్థపు ఉంగరం గురించి అమెరికాలో చాలా కోర్టులు ఇప్పటికీ ఇదే తర్కంతో నడుస్తున్నాయి. పెళ్లి అన్న షరతు మీద ఇచ్చిన కానుక అది, షరతు తీరకపోతే ఇచ్చినవారికి చేరాలి. పెళ్లి చెడడానికి తప్పెవరిదో విచారించాలా వద్దా అన్నదే అక్కడి పేచీ. పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 1999లో తప్పు విచారణ వద్దంది. మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 70,000 డాలర్ల ఉంగరం మీద నడిచిన వ్యాజ్యంలో 2024 నవంబరులో అదే దారి పట్టింది. అక్కడున్న మన పిల్లలకు ఇది తెలిసి ఉండడం మంచిది.

మళ్లీ మన శాస్త్రానికి వద్దాం. పెళ్లయ్యాక భార్య ధనాన్ని భర్త వాడుకోవచ్చా? కరువు, ధర్మకార్యం, జబ్బు, నిర్బంధం. ఈ నాలుగు సందర్భాల్లో తీసుకుంటే తిరిగి ఇవ్వనక్కర్లేదని యాజ్ఞవల్క్యుడు మినహాయింపు ఇచ్చాడు. మినహాయింపును నాలుగు పేర్లతో కట్టేశాడంటే ఐదో సందర్భంలో ఇచ్చి తీరాలనే కదా. కాత్యాయనుడు ఇంకా గట్టిగా చెప్పాడు: భర్తకు గాని, కొడుక్కు గాని, తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని స్త్రీధనాన్ని తీసుకునే అధికారం, ఇంకొకరికి ఇచ్చేసే అధికారం లేవు. బలవంతంగా తీసుకుంటే వడ్డీతో తిరిగి ఇవ్వాలి, దండనా ఉంటుంది. ఈ పట్టికలో తండ్రి కూడా ఉన్నాడని గుర్తుంచుకోండి. వెయ్యేళ్లకు పైబడిన ఆ మాట 2024లో తెలంగాణ కేసు ఒకదానిలో మళ్లీ పైకి వచ్చింది.

యాజ్ఞవల్క్యుడు తన పట్టిక చివర "మొదలైనవి" అన్నాడు. ఆ చిన్నమాటను విజ్ఞానేశ్వరుడు పట్టుకుని తెరిచి, వారసత్వంగా వచ్చింది, కొన్నది, పంపకంలో వచ్చింది, స్వాధీనం చేసుకున్నది, దొరికింది, అన్నీ స్త్రీధనమే అన్నాడు. బ్రిటిష్ కాలంలో ప్రివీ కౌన్సిల్ వారసత్వపు ఆస్తి విషయంలో ఆ విస్తృతార్థాన్ని ఒప్పుకోలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వివరణ తీసి చూడండి. వారసత్వం, వీలునామా, పంపకం, మనోవర్తి కింద వచ్చింది, చుట్టమైనా కాకున్నా ఎవరైనా పెళ్లికి ముందు గాని పెళ్లిలో గాని పెళ్లి తరవాత గాని ఇచ్చిన కానుక, సొంత నైపుణ్యంతోనో కష్టంతోనో సంపాదించింది, కొన్నది. వీటన్నిటికీ స్త్రీ సంపూర్ణ యజమాని, పరిమిత యజమాని కాదు. ఆ వరుసను మితాక్షర వరుస పక్కన పెడితే దాయాదుల పోలిక కనిపిస్తుంది. పోయిందనుకున్న అచ్చు మళ్లీ దొరికి పోతపోసినట్టుంది.

యాజమాన్యం తేలింది. కడియంలో ఒక సగం అది. రెండో సగం, ఆ వస్తువు ఎవరి చేతిలో ఉందన్నది. రెండిటినీ కలిపే సీల దగ్గరే ఇరవయ్యో శతాబ్దపు మన కోర్టులు తడబడ్డాయి.

మన ఇళ్లలో జరిగేదేమిటి? కొత్తకోడలు గడప దాటి వస్తుంది. ఒంటిమీద ఉన్న నల్లపూసలూ గాజులూ చెవులకున్నవీ ఉంచుకుని మిగతావి తీసిస్తే అత్తగారు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు, లేదా బ్యాంకు లాకరులో పెడతారు. పెద్దావిడ దగ్గర ఉంటే భద్రం అని అందరూ అనుకుంటారు. రాతకోత ఉండదు, రశీదు ఉండదు. కోడలు రశీదు అడిగితే ఆ ఇంట్లో ఏమవుతుందో మనకు తెలుసు. తరవాత సంబంధం చెడి ఆమె నగలు అడిగితే, ఇవ్వకపోవడం నమ్మకద్రోహపు నేరం అవుతుందా? నేరం కావాలంటే వస్తువును నమ్మి అప్పగించినట్టు ఉండాలి. కాపురంలో అప్పగింత అంటూ ప్రత్యేకంగా ఎక్కడ జరిగింది?

1982లో పంజాబ్–హర్యానా హైకోర్టు విశాల ధర్మాసనం ఈ వస్తువులను మూడు అరల్లో సర్దింది: వధువు ఒక్కతే వాడుకునే నగలు, బట్టలు, ఇంట్లో ఇద్దరూ వాడుకునే సామాను, వరుడికీ అతని వాళ్లకీ ఇచ్చినవి. ఆ సర్దుబాటు మంచి పనే, ఇప్పటికీ వాడుతున్నారు. తరవాతి అడుగు తప్పింది. నగ ఆమెదే అయినా, ఇంట్లోకి వచ్చాక అది దంపతుల ఉమ్మడి అధీనంలో ఉన్నట్టే, విడిగా ఒప్పందమేదీ లేకపోతే భర్తకు అప్పగించినట్టు కాదు అని తేల్చింది.

1985 మార్చిలో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సీల తీసి మళ్లీ బిగించింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ వరదరాజన్ విభేదించారు, జస్టిస్ ముర్తజా ఫజల్ అలీ రాసిన మెజారిటీ తీర్పు నిలిచింది. అత్తవారింట్లో అడుగు పెట్టగానే స్త్రీధనం ఉమ్మడి ఆస్తి అయిపోతుందన్న ఊహను ఆ తీర్పు పూర్తిగా తోసిపుచ్చింది. ఆమె పేరున వచ్చింది ఆమెదే, భర్తో అత్తమామలో దాచిపెట్టారంటే ఆమె తరఫున కాపలా ఉన్నట్టే. అడిగినప్పుడు ఇవ్వకపోయినా, సొంతానికి వాడేసుకున్నా నమ్మకద్రోహమే. సామాన్యంగా ఏ ఇంట్లోనైనా జరిగే ఆ బీరువా చర్యనే అప్పగింతగా గుర్తించారు. ఒప్పందం, రశీదు ఉండని చోట, నమ్మకమే ఒప్పందమని చూడగలిగారు. తాళంచెవి ఒకరి దగ్గర ఉండొచ్చు, వస్తువు ఇంకొకరిది కావొచ్చు. ఆ రెండూ ఏకకాలంలో నిజాలే. నేను ఈ తీర్పును మళ్లీ మళ్లీ చదివేది ఈ చోటు కోసమే. 1990ల్లో ముగ్గురు న్యాయమూర్తుల మరో ధర్మాసనం పరీక్షించి ఇది సరైనదేనంది. భారతీయ న్యాయ సంహితలో ఇప్పుడిది 316వ సెక్షన్. శిక్ష ఐదేళ్ల దాకా ఉండొచ్చు.

సీల మాట చెప్పుకున్నాం కనక అంతే పొందికైన ఇంకో భాగం చెప్పాలి. వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్. కట్నం ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. కట్నపు ఒప్పందం చెల్లదని 5వ సెక్షన్ చెబుతుంది. నేరానికి చేతులు కలిపిన ఇద్దరిలో ఎవరి మొరా కోర్టు వినదన్నది మామూలు సూత్రం. ఆ సూత్రాన్ని ఇక్కడ కూడా నడవనిస్తే? కట్నం పుచ్చుకున్నవారి దగ్గరే ఉండిపోతుంది. తప్పు చేసినవారికే లాభం. 6వ సెక్షన్ రాసినవారు ఆ గుంట ముందే చూశారు. కట్నాన్ని ఆ స్త్రీ కాక వేరెవరు పుచ్చుకున్నా మూడు నెలల్లో ఆమెకు బదలాయించాలి. పెళ్లికి ముందు పుచ్చుకుంటే పెళ్లిరోజు నుంచి, పెళ్లిలోనో ఆ తరవాతో అయితే పుచ్చుకున్న రోజు నుంచి, ఆమె మైనరయితే పద్దెనిమిదేళ్లు నిండిన రోజు నుంచి మూడు నెలల లెక్క. ఇచ్చేదాకా దాన్ని ఆమె మేలు కోసం ట్రస్టుగా పట్టుకుని ఉన్నట్టే. ఇవ్వకపోతే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా ఐదు వేల నుంచి పది వేల జరిమానా, లేదా రెండూ. శిక్ష పడినంత మాత్రాన సొమ్ము వాళ్లకు మిగలదు; కోర్టు బదలాయించమని ఆదేశిస్తుంది, అప్పటికీ ఇవ్వకపోతే ఆ విలువను జరిమానాలా వసూలు చేసి ఆమెకు ఇప్పిస్తుంది.

ఆమె చనిపోతే? వారసులు అడగవచ్చు. పెళ్లయిన ఏడేళ్లలోపు సహజం కాని కారణంతో చనిపోతే, పిల్లలుంటే పిల్లలకు, లేకపోతే ఆమె తల్లిదండ్రులకు. ఆ చావులో భర్త వారసుడిగా లాభపడకూడదని దారి అక్కడే మూసేశారు. ఈ ఉపవాక్యం వెనక ఎన్ని ఇళ్ల దుఃఖం ఉందో ఊహిస్తేనే బరువుగా ఉంటుంది.

ఇక వసూలు చేసే యంత్రాంగం. భార్యాభర్తల మధ్య ఆస్తి తగువు ఫ్యామిలీ కోర్టు వింటుంది. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కింద పెళ్లి సందర్భంగా ఇద్దరికీ కలిపి వచ్చిన వస్తువులను విడాకుల డిక్రీలోనే పంచవచ్చు. మంచం, ఫ్రిజ్, పందిట్లో ఇద్దరి చేతికీ కలిపి అందించిన వెండి పళ్లెం ఈ అరలోకి వస్తాయి. ముస్లిం స్త్రీలకు 1986 చట్టం 3వ సెక్షన్ ఉంది. పెళ్లికి ముందు, పెళ్లిలో, తరవాత ఆమెకు ఎవరిచ్చినదైనా విడాకుల తరవాత ఆమెకు దక్కాలి. మతంతో నిమిత్తం లేని దారి 2005 గృహహింస నిరోధక చట్టం. స్త్రీధనాన్ని తిరిగి ఇప్పించే అధికారం 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు ఉంది. ఆ లోపల నగలు అమ్మేయకుండా, లాకరు తెరవకుండా 18వ సెక్షన్ కట్టడి చేస్తుంది. 2015లో సుప్రీంకోర్టు ఈ చట్టం కింద ఒక మంచి మెలిక విప్పింది: స్త్రీధనాన్ని పట్టుకుని ఉన్నంత కాలం ఆ తప్పు రోజూ జరుగుతున్నట్టే, ఆలస్యమైందని తలుపు మూయకూడదు.

డిక్రీ రాసే పద్ధతిలో కూడా చేతిపని కనిపిస్తుంది. చర వస్తువును అప్పగించమని సివిల్ డిక్రీ ఇచ్చేటప్పుడు, అది దొరక్కపోతే బదులుగా కట్టవలసిన సొమ్మెంతో కూడా అదే డిక్రీలో రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డరు 10వ రూలు చెబుతుంది. గొలుసు కరిగించేశారంటే ఇంకో దావా వేయనక్కర్లేదు. గొలుసు ఇంకా ఉంటే మాత్రం డబ్బు పడేసి తప్పించుకోవడం కుదరదు. ఇంకొకరి తరఫున పట్టుకుని ఉన్న వస్తువును ఆ వస్తువుగానే ఇప్పించవచ్చని నిర్దిష్ట ఉపశమన చట్టం 8వ సెక్షన్ అంటుంది. అమ్మమ్మ నుంచి వచ్చిన కాసులపేరుకు ఆ రోజు బంగారం ధర చెల్లిస్తే సరిపోదని చట్టానికీ తెలుసు.

జాబితా రాయని పెళ్లిళ్ల సంగతో? నిజానికి ఎక్కువ పెళ్లిళ్లు అవే. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్లో దీన్ని ఓపిగ్గా విప్పింది. 89 సవర్లు, అంటే 712 గ్రాములు. పెళ్లిరోజు రాత్రే భద్రం కోసమని భర్త తీసుకుని తల్లికి ఇచ్చాడని భార్య మాట. ఫ్యామిలీ కోర్టు 2011లో ఆమెకు అనుకూలంగా చెప్పింది, హైకోర్టు 2022లో రుజువు చాలదంది. సుప్రీంకోర్టు హైకోర్టును సరిదిద్దింది. ఇది సివిల్ తగువు, నేరంలా సందేహానికి తావులేని రుజువు అడగకూడదు, ఏది ఎక్కువ నమ్మదగిందో చూడాలి. పెళ్లయిన మొదటిరోజే భార్య భర్తను నమ్మలేదనుకోవడం సహజంగా లేదంది. స్త్రీధనం ఉమ్మడి ఆస్తి కాదు, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన బాధ్యత అతనిదే. ఆమెకు 25 లక్షలు ఇప్పించింది. యాజ్ఞవల్క్యుడు వదిలిన కరువు కాలపు మినహాయింపు ఇక్కడ నైతిక బాధ్యతగా మారి బిగిసింది.

ఇక ముందు చెప్పిన తెలంగాణ కేసు. అమ్మాయి పెళ్లి 1999లో జరిగింది, దంపతులు అమెరికా వెళ్లారు, 2016లో అక్కడే విడాకులు అయ్యాయి, ఆస్తుల సంగతి అప్పుడే తేల్చుకున్నారు. ఆమె 2018లో మళ్లీ పెళ్లి చేసుకుంది. 2021లో ఆమె తండ్రి, పెళ్లిలో పెట్టిన బంగారం తిరిగి ఇవ్వలేదని మాజీ అత్తమామల మీద ఫిర్యాదు చేశాడు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆ నగలకు యజమాని కూతురు ఒక్కతే, ఆమె అడగలేదు, అడగమని తండ్రికి అధికారమూ ఇవ్వలేదు. ఇచ్చిన చేయి తండ్రిదే అయినా, ఇచ్చేశాక ఆయన పరాయివాడే. అత్తగారిని కాపలాదారు అన్న సూత్రమే, అదే బిగువుతో, తండ్రిని కూడా పక్కన నిలబెట్టింది. ఏ పక్షానికి వాడినా అదే కొలత చూపే తూకమే సరైన తూకం అని నాకు అనిపించింది ఇది చదివాకే.

మీ ఇంట్లో రేపు పెళ్లి ఉంటే చదివింపుల పుస్తకంతో పాటు రెండు తెల్లకాగితాలు కూడా పక్కన పెట్టించండి. ఒకటి అమ్మాయికి, ఒకటి అబ్బాయికి. వస్తువు, బరువు, నగ మీది సంఖ్య, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వరస రాయించి, అప్పగింతలకు ముందే ఇద్దరి చేతా రెండిటి మీదా సంతకం చేయించండి. స్టాంపు కాగితం కావాలని గాని, రిజిస్టరు చేయించాలని గాని 1985 నిబంధనల్లో ఎక్కడా లేదు.